రాజబాబు మెస్, రాజబాబు మోకాలు

తమ్ముడూ, మా అబ్బాయి రాజబాబు ఇక్కడ గల్ఫ్‌లో, ఈ సజ్జాలో సొంతంగా మెస్ తెరిచాడురా! జీతం మీద కబడ్డీ ఆడి, కూతకొచ్చినవాడి కాళ్లు పట్టి పడగొట్టిన చేతులతో లేబర్ క్యాంపు వాళ్లకి చేపల పులుసు వడ్డిస్తుంటే నాకు ఏడుపొచ్చేసింది.

కానీ భయంగా ఉందిరా. ఈ సాయంత్రం క్యాంపులో కబడ్డీ ఆట పెట్టారు. “అన్నా, ఒక్క పట్టు పట్టి సూపియ్యి, రేపటిసంది నీ మెస్సులనే తింటం” అన్నారు క్యాంపు కుర్రాళ్లు. వీడు సరేనన్నాడు. ఆ మోకాలు మళ్లీ తిరిగితే ఇక నడవలేడని డాక్టరు చెప్పాడు కదా! “ఒక్క పట్టే కదా నాన్నా, వ్యాపారం నిలబడద్ది” అంటున్నాడు. పట్టీ నేనే కట్టాను. రెండుసార్లు విప్పి మళ్లీ కట్టాను.

మెస్ సంగతి విజయదుర్గకి, పెద్దబావకి, ద్రాక్షారామం పిన్నికి, అందరికీ చెప్పు. మీ వదినకి కూడా మెస్ ఒక్కటే చెప్పు. ఆట సంగతి వద్దు.