సూది వేయని డాక్టరమ్మను మళ్ళీ మా ఊరికి పంపించుట గురించి

సుద్దబాయిగూడెం,
తేదీ: 18-11-2024, సోమవారం.

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు, సుద్దబాయిగూడెం కాపురస్తుడు, రిటైర్డు బ్రాంచి పోస్టుమాస్టరు గాలయ్య వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి పల్లె దవాఖాన నుండి బదిలీ చేయబడిన డాక్టర్ అనూహ్య గారిని తిరిగి ఇక్కడికే పంపవలసిందనియు, సదరు దవాఖానలో ప్రతి గురువారం జరుగుచున్న సూదుల జాతరను ఆపించవలసిందనియు, నా భార్య సోమమ్మ కిడ్నీలు ఇంకా కొంత మిగిలి ఉండగానే ఈ రెండును జరగవలసిందనియు.

సూచిక: ఇదే ఊరి నుండి తమకు అందిన అర్జీ, తేదీ 03-06-2024, సంతకములు, వేలిముద్రలు కలిపి నూట పన్నెండు. (దీని సంగతి చివర విన్నవించుకొంటాను. ముందే చెబితే తమరు మిగతాది చదవరు.)

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ ఊరి పోస్టాఫీసు నడిపినవాడను. ఇక్కడి నుండి కరెంటాఫీసుకు, కలెక్టరేటుకు వెళ్ళిన అర్జీలన్నీ నా చేతి రాతలే. కనుక అర్జీ ఎలా ఉండవలెనో నాకు తెలుసు. కోపం చూపరాదు, తిట్టరాదు, అంశములకు అంకెలు వేయవలెను. ఆ ప్రకారమే మొదలుపెట్టుచున్నాను. చివరిదాకా అదే ప్రకారం నడుస్తుందని మాత్రం హామీ ఇవ్వలేను.

1. సదరు దవాఖానకు జూన్ నెల నుండి సొంత డాక్టరు లేరు. ఇన్‌ఛార్జి డాక్టర్ కృష్ణకాంత్ గారు గురువారం పదకొండున్నరకు వచ్చి, ఒంటిగంటకు వెళ్ళిపోవుదురు. ఆ గంటన్నరలో తొంభై మంది రోగులు చూడబడినట్లు రిజిస్టరులో ఉండును. వాస్తవమునకు వారు ఎవరినీ చూడరు. ఎడమచేతిలో ఫోను ఉండును, కళ్ళు అందులో ఉండును. "ఏంది?" అని అడుగుదురు. రోగి "మోకాలు" అంటే "సూది" అందురు. "దగ్గు" అంటే "సూది" అందురు. ఎవరికైనా అదే మందు, అదే సీసా. కిందటి గురువారం ఎల్లయ్య అనే రైతు ఆధార్ జిరాక్సు మీద సంతకం కోసం వెళ్ళి, ఆ సంగతి చెప్పేలోపలే సూది వేయించుకొని బయటపడ్డాడు. ఇందులో మరీ కంపరమెత్తే విషయం ఏమనగా, అతడు "నడుము గుంజుడు మంచిగ తగ్గింది, సారు చెయ్యి మంచిది" అని ఊరంతా చెప్పుకొని తిరుగుచున్నాడు.

2. పరిశుభ్రత. వాడిన దూది ఉండలు వరండా పొడవునా పడి ఉండగా కోళ్ళు వచ్చి పొడుచుచుండును. చేతులు కడుక్కొనే తొట్టిలో గుట్కా ఉమ్ములు ఎండి అట్టకట్టి ఉన్నవి. లోపలి గదిలో, డాక్టర్ అనూహ్య గారు తెర కట్టి ఆడవాళ్ళను పరీక్ష చేసిన మంచం మీద, ఇప్పుడు పాత ఫ్లెక్సీల చుట్టలు పడుకొని ఉన్నవి. వరండాలో ఒకరి వెనక ఒకరు, ఒకరు జబ్బ పైకి మడిచి, ఇంకొకరు లుంగీ కిందికి జార్చి నిలబడి ఉందురు. "నాకు నడ్డికే కావాలె, జబ్బకు పనిచెయ్యది" అని కోరి మరీ వేయించుకొందురు. నేను అక్కడ అరగంట నిలబడి, ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. ఛీ! ఇది అర్జీ మాట కాదని తెలుసు. అయినా కొట్టివేయను.

3. ఈ విషయమై ఊరిలో ఎవరికీ ఫిర్యాదు లేదు. అదే నా ఫిర్యాదు. అక్కడి నర్సు రూప మంచి పిల్ల. ఇది తప్పు కదమ్మా అంటే గోడవైపు చూస్తూ చెప్పింది: "నేనేం జెయ్యాలె తాతా? ఒక్కరికి వద్దన్న, గింత పెద్ద లొల్లి చేసిన్రు. సారు కూడ, జనం ఖుషీగున్నరు గదా, నీకేంది ఫికర్ అన్నడు." పక్కింటి బిక్షమ్మనడిగితే, "ఈ సారు దేవుడు. గా డాక్టరమ్మది ఉత్త ముచ్చట్లే" అంటుంది. ఈ అర్జీ మీద సంతకాలకు నేను నలభై గడపలు తిరిగాను. ఒక్కరు పెట్టలేదు. ఒకాయన తలుపు వేసుకుంటూ, "పోస్టు తాతకు మతి తప్పింది" అన్నాడు, నాకు వినబడేటట్టే.

4. నా భార్య సోమమ్మ, వయస్సు అరవై మూడు. మా బోరు నీళ్ళలోని ఫ్లోరైడు సంగతి తమకు కొత్త కాదు. పళ్ళకు గార, మోకాళ్ళు వంగినవి, నడుము వంగి నేలను చూస్తూ నడుస్తుంది. నొప్పి సూది పడితే రెండు రోజులు కొంచెం పైకి లేస్తుంది, బర్రెకు గడ్డి వేస్తుంది, పక్కింటికి పోయి ముచ్చట పెట్టి వస్తుంది. మూడో రోజుకు మళ్ళీ మంచమే. కాబట్టి ఆమెకు గురువారం అంటే పండుగ.

పోయిన నెల ముఖం, కాళ్ళు ఉబ్బితే నల్లగొండ తీసుకుపోయాను. రక్తపరీక్షలో క్రియాటినిన్ మూడు పాయింట్ నాలుగు వచ్చింది. కిడ్నీలు చెడిపోతుంటే ఆ అంకె పెరుగుతుందట. ఎన్ని నొప్పి సూదులు పడ్డాయని అక్కడి డాక్టరు అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోపలే సోమమ్మ గొప్పగా చెప్పింది: "ఒక్క గురువారం గూడ ఇడిసిపెట్టలె సారూ!" ఆయన పెన్ను కింద పెట్టేశాడు. ఇంకో రెండు మూడు నెలలు ఇట్లాగే వేయించుకుంటే రక్తం కడిగే మిషను మీద పండుకోబెట్టవలసి వస్తుందని చెప్పాడు.

ఇంటికి వచ్చి చెప్పి చూశాను, బతిమాలాను, అరిచాను. "నొప్పి నీ మోకాళ్ళకా, నా మోకాళ్ళకా?" అంటుంది. మొన్న గురువారం నేను బయటి నుండి గడియ పెట్టి పొలం పోతే, బిక్షమ్మ పుణ్యం కట్టుకుందామని గడియ తీసి, చేయి పట్టుకొని మరీ దవాఖానకు తీసుకుపోయింది.

5. నొప్పి సూది వద్దంటే సోమమ్మ విన్నది ఒక్క డాక్టర్ అనూహ్య గారి మాటే. పానగల్ పిల్ల. ఇరవై ఏడో, ఇరవై ఎనిమిదో ఉంటాయి. నిరుడు డిసెంబరులో వచ్చింది. పేషెంటును ఎదురుగా కూర్చోబెట్టి, ఏం తిన్నవ్, నిద్ర పడుతుందా, ఇంట్లో ఎవరెవరున్నరు, ఏ నీళ్ళు తాగుతున్నరు అని అడిగేది. ఒక ఇంటివాళ్ళ జబ్బులన్నీ ఒకే కాగితం మీద రాసి పెట్టుకునేది. మా కాగితంలో చనిపోయిన మా అమ్మ నడుము నొప్పి కూడా ఉంది.

ఒకరోజు ఆమె మా ఇంటికే వచ్చింది. మా ఇంట్లో, అయ్యా, మా ఊరి చాలా ఇళ్ళల్లో, ఫ్లోరైడు లేని నల్లా నీళ్ళు చప్పగా ఉన్నాయని బర్రెకు పోసి, బోరు నీళ్ళు రుచిగా ఉన్నాయని మేము తాగుతున్నాము. ఆమె ఆ రెండు బిందెలూ చూసి, కొట్టం దగ్గరికి పోయి బర్రెను చూసి వచ్చి, "తాతా, ఇంట్ల మీ బర్రెనే హుషారున్నది" అని నవ్వింది. సోమమ్మ కూడా నవ్వింది. ఆ రోజు నుండి బిందెలు మారినవి.

రక్తపరీక్ష కూడా ఆమే చేయించింది. అప్పుడు క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఆరు. నొప్పి సూది వద్దని చెప్పి, వేడి గుడ్డతో కాపడం, మంచం మీద కూర్చొని కాళ్ళు చాపే పద్ధతి నేర్పింది. వారానికి ఒకసారి వచ్చి చేయించేది. ఆరు నెలలు ఆ అంకె పెరగలేదు. నొప్పి ఉండేది. సోమమ్మ ఓర్చుకునేది. "మా పిల్ల వద్దన్నది" అనేది.

6. ఇప్పుడు సూచికలోని అర్జీ సంగతి.

మే నెలాఖరున ఒకరోజు సోమమ్మకు నొప్పి ఎక్కువైతే దవాఖానకు తీసుకుపోయి, సూది వేయమని నేను గట్టిగా అడిగాను. వేయనన్నది. గొంతు పెంచాను. నలభై మంది ముందర ఆమె, "తాతా, మీకు తెలవది, జర కూసోండి" అన్నది. సోమమ్మ నా అంగీ లాగి, "వద్దంటే వద్దులే, పోదాం పా" అన్నది. కానీ తెలవది అనే మాట నాకు గుచ్చుకుంది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఊరి ఉత్తరాలన్నీ చదివి పెట్టినవాడిని, నాకు తెలవదా! సూదులు దొరకక మండిపోతున్న జనం అప్పటికే నా వెంట పడుతున్నారు, నువ్వు రాయి తాతా, నువ్వు రాస్తేనే కదులుతుందని. రాశాను. తమ ఫైలులో ఉన్న ఆ వాక్యాలు నాకు నోటికి వచ్చును:

"సదరు డాక్టరమ్మ రోగులకు ఒక్క సూదియైనను వేయక ప్రశ్నలతో కాలక్షేపము చేయుచున్నది. అనుమతి లేక గృహములలో ప్రవేశించి నీటి బిందెలను, వంటపాత్రలను పరిశీలించుచున్నది. ఔషధములకు బదులు కాపడము, వ్యాయామము అని చెప్పి ప్రజలను అపహాస్యము చేయుచున్నది."

పంచాయతీ ఆఫీసు ముందర ఇది చదివి వినిపిస్తే చప్పట్లు కొట్టారు. నాకు చాలా సంతోషం కలిగింది. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే ఉమ్మబుద్ధి అవుతున్నది. నూట పన్నెండు మంది చేత సంతకాలు పెట్టించాను. నేను పెట్టలేదు. రాసినవాడు సంతకం పెట్టడు, అది మా దగ్గర పద్ధతి.

7. ఇక ఈ అంశం తమరికి తెలియదు.

తమ ఆఫీసు నుండి సంజాయిషీ నోటీసు వచ్చిన మరునాడు డాక్టర్ అనూహ్య గారు మా ఇంటికి వచ్చింది. చేతిలో నోటీసు, దానితో పాటు నా అర్జీ జిరాక్సు నకలు. "తాతా, నేను మొత్తం ఇంగ్లీషు మీడియం. జవాబు తెలుగులనే ఇమ్మంటున్నరు. ఊర్లె అందరు మీ పేరే చెప్పిన్రు. జర రాసిపెడ్తరా?" అన్నది.

అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. కాగితం తీసుకొని రాయడానికి కూర్చున్నాను. ఆమె చేసిందంతా నా కళ్ళ ముందరే ఉంది. ఆ బిందెల సంగతి, ఆ అంకె పెరగకపోవడం, ఒక్క పేజీ రాస్తే ఏ ఆఫీసరైనా నోరు మూసుకునేవాడు. నేను తొమ్మిది వాక్యాలు రాశాను. చివర, "నా వలన తప్పు జరిగియున్నయెడల క్షమించగలరు" అని రాశాను. ఆ ఒక్క వాక్యం ఉంటే ఆఫీసులో వాళ్ళు మిగతాది చదవరని, తప్పు ఒప్పుకున్నట్టే ఫైలు మూసేస్తారని నాకు తెలుసు. సర్కారు కొలువు చేసినవాడిని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఆమె ఆ కాగితం చదువుకున్నది. తర్వాత ఆ అర్జీ నకలు తీసి పక్కన పెట్టింది. రెండూ చాలాసేపు చూసింది. "మీ అక్షరాలు మంచిగున్నయి తాతా, గుండ్రంగ" అన్నది. నేను రాసిన దాని కిందనే సంతకం పెట్టింది. పోయేముందు సోమమ్మ దగ్గర కూర్చొని, "అవ్వా, నేనున్నా లేకున్నా నొప్పి సూది మాత్రం వేయించుకోకు, కిడ్నీలు ఖరాబైతయి" అని చేతిలో చేయి వేయించుకుంది. పదిహేడు రోజుల్లో ఆమెను నార్కట్‌పల్లి వైపు ఎక్కడికో పంపారు. మా వీధి కరెంటు స్తంభం అర్జీకి నాలుగేళ్ళు పట్టింది.

సోమమ్మ ఆ మాట మూడు వారాలు నిలబెట్టుకుంది. ఆ తర్వాత, "పిల్లనే ఇడిసిపెట్టి పోయింది, ఇగ నాకేంది" అని వరుసలో పోయి నిలబడింది.

అయ్యా, తమ ఫైలులో ఫిర్యాదు, సంజాయిషీ రెండూ ఒక్క చేతి రాతవే. ఇది మూడవది. మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడవలసిందిగా కోరుతున్నాను. తమ ఆఫీసులో ఇంతమంది ఉండి ఒక్కరూ చూడలేదు. ఆమె ఒక్కతే చూసింది, చూసి కూడా నన్ను పట్టివ్వలేదు.

8. కోరిక. పాత అర్జీ అబద్ధం కాదు, అందులో రాసినవన్నీ ఆమె చేసింది. డాక్టరు చేయవలసినవి అవే. నేను వాటిని నేరాలుగా రాశాను. దానికి నా మీద ఏ కేసు పెట్టినా ఒప్పుకుంటాను. ఆమెను మాత్రం పంపండి. ఉద్యోగానికి పంపడానికి టైము పడితే, ఒక్కరోజు పంపండి. ఒక్క గంట చాలు. సోమమ్మ పక్కన కూర్చొని వద్దు అవ్వా అని చెప్పి వెళ్ళిపోనీయండి. మళ్ళీ గురువారం రావడానికి మధ్యలో రెండే రోజులు ఉన్నవి.

కనుక ఈసారైనా కాగితం కింద ఎన్ని సంతకాలున్నాయో లెక్కపెట్టక, పైన ఏముందో చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఇంతకాలం సంతకం పెట్టకుండా దాక్కున్నవాడు,

గాలయ్య (సంతకం)

తా.క. పైదంతా రాసి, సోమమ్మకు చదివి వినిపించాను. కాళ్ళు చాపుకొని విన్నది. ఆరవ అంశం దగ్గర ఆపి, "గా పిల్లను ఎల్లగొట్టింది నువ్వా?" అని అడిగింది. అవునన్నాను. పొద్దుటి నుండి నాకు అన్నం పెట్టలేదు. సాయంత్రం తనే పిలిచి, నేను గూడ వేలు పెడుతా, తే అన్నది. ఒక సంగతి ఇందాక దాచాను. పాత అర్జీలో నలభై ఏడవ వేలిముద్ర ఆమెదే. నల్లా రోజూ రావాలని దరఖాస్తు అని చెప్పి నేనే పట్టి వేయించాను. అది కూడా చెప్పేశాను. ఆమె బొటనవేలు సిరాలో పెట్టి, కాగితం మీద పెట్టకుండా ఆపి అడిగింది:

"నువ్వు సదివిందే రాసినవా గిందుల?"

నేను మళ్ళీ మొదటి నుండి చదివాను.

(సోమమ్మ వేలిముద్ర)