బూడిదతో లైట్లు తోమింది నేను కాదు

అవ్వకు, బాపుకు సిద్దిపేట నుంచి మీ బిడ్డ సుగుణ దండం పెట్టి రాస్తున్నది. మేము బాగానే ఉన్నాం. అవ్వా, నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బాపు దగ్గు ఎట్లా ఉంది? తమ్ముడూ, ఇది అవ్వకు చదివి వినిపించేటప్పుడు మధ్యలో నవ్వొద్దు.

ఇక్కడి నీళ్ళకు పప్పు సరిగా ఉడకదు. ఊరు విడిచి వచ్చినందుకు అదొక్కటే బాధ అనుకున్నాను. ఇప్పుడు మా వ్యాను లైట్లను నేను బూడిదతో తోమి పాడుచేశానని మన ఊరు రాయపోల్ దాకా మాట వచ్చిందట! అవ్వా, అది అబద్ధం. ఏ వస్తువును దేనితో తోమాలో తెలియకుండానే నీ ఇంట్లో పెరిగానా?

జరిగింది ఇది. మీ అల్లుడు ఇక్కడ కొన్న పాత వ్యానుకు లైట్ల మీద ప్లాస్టిక్ మూతలున్నాయి. ఎండకు అవి పచ్చబడి, పొగ పట్టినట్టు మసకబారాయి. హుస్నాబాద్ నుంచి చీకట్లో వస్తుంటే రోడ్డు కనబడడం లేదని ఆయనే అన్నాడు. దసరాకు బండి పూజ అని, నేను ఇత్తడి బోళ్ళకు పెట్టుకున్న బూడిద, కొబ్బరి పీచు తీసుకుపోయి వాటిని తోమిందీ ఆయనే. బూడిదకు ఇత్తడి మెరుస్తుంది గానీ ప్లాస్టిక్ నిండా గీతలు పడ్డాయి. స్టాండులో డ్రైవర్లు అడిగితే, "మా ఇంటామె తోమింది" అన్నాడట!

ఆ మాట వాడంతా పాకింది. నల్లా దగ్గర పక్కింటి రహీమాబీ, "ఏందక్కా, ఇంట్ల గిన్నెలు ఒడిసినయా, బండి లైట్ల మీద పడ్డవ్?" అంటే అందరూ నవ్వారు. నా పేరు కూడా ఇంకా తెలియనివాళ్ళకు నేను బూడిదామెనయ్యాను. ఇంటికొచ్చి నిలదీస్తే ఆయన, "నవ్వులాటకు అన్ననే, గంత కోపమెందుకు?" అన్నాడు. నవ్వులాటకు తన పేరే చెప్పుకోవచ్చు కదా!

ఇక ఊరుకోలేదు. బీరువాలకు రంగువేసేవాళ్ళు నీళ్ళలో ముంచి రుద్దే గరుకు కాగితం ఉంటుంది చూడు, అది తెప్పించాను. గరుకుది, నున్ననిది, ఇంకా నున్ననిది. బండి రంగు గీసుకుపోకుండా చుట్టూ టేపు అంటించి, తడి ఆరనివ్వకుండా ముందు గరుకు దానితో రుద్దాను. పాలలాంటి నీళ్ళు కారాయి. మూత ఇంకా తెల్లబడింది.

"ఉన్నది గూడ ఖరాబు చేస్తున్నవ్!" అని ఆయన అరిచాడు.

"ఖరాబైతే ఈసారి నిజంగనే నా పేరు చెప్పు, పో" అన్నాను.

తర్వాత నున్నని కాగితాలు వరుసగా రుద్ది, మెత్తని బట్టతో బండి పాలిష్ పట్టిస్తే లోపలి బల్బు స్పష్టంగా కనబడింది. మళ్ళీ మసకబారకుండా ఎండలో గోనెపట్టా కప్పమన్నాను. బాపు పాత ధోవతి ముక్కలుంటే పంపండి, తుడవడానికి పనికొస్తాయి.

నిన్న స్టాండు నుంచి డ్రైవర్ యాదగిరి వచ్చాడు. "వదినా, నా బండియి గూడ జర జేసియ్యరాదు?"

"చేస్త. ముందుగాల బూడిద వెట్టి తోమింది ఎవరో మీ అన్ననడుగు."

మీ అల్లుడు టైరు వైపు చూస్తూ, "నేనే తోమిన" అని గొణిగాడు.

"గట్టిగ చెప్పు భయ్యా, గీడిదాక ఇనబడలే!" అన్నది రహీమాబీ తన గుమ్మంలోంచి.

మళ్ళీ చెప్పాడు. ఈసారి వాడంతా వినబడింది.

తమ్ముడూ, ఆ మాట మోసుకొచ్చినవాళ్ళకు ఇది చదివి వినిపించు. పెద్దమ్మకు, చిన్నాయినకు నా దండాలు. మీ దీవెనలు మా మీద ఉండాలి. ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు. అన్నం మాత్రం వేళకే పెడుతున్నాను, దిగులుపడకండి.

మీ బిడ్డ
సుగుణ