సులోచన ఉరఫ్ ధోండీ

వాయి పట్టణం గణపతి ఆళి అనే వీధిలో కాపురముంటున్న, కీర్తిశేషులు వినాయక్ దహీభాతే గారి భార్యనైన నేను, కాగితాల్లో సులోచన, కన్నతల్లి పెట్టిన పేరు ధోండీ, వయస్సు డెబ్బై తొమ్మిది, నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా. నా మతి స్థిమితంగా ఉంది. చెవులు కాస్త మందగించాయి గానీ నా వెనక ఎవరేమంటున్నారో వినిపించేపాటి బాగానే ఉన్నాయి. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. ఉన్న కోపమంతా నా సొంతం.

"వదినగారూ, వీలునామాలో పేర్ల గొడవ ఎందుకండీ?" అన్నారు వకీలు గోళే గారు. ఇందులో కాకపోతే ఇంకెక్కడ చెప్పుకోను?

మా అమ్మకు నా ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. అందుకే నాకు ధోండీ అని పేరు పెట్టింది. ధోండా అంటే రాయి. రాయిని కొరకబోతే యముడి పళ్ళే రాలతాయని ఆవిడ ధైర్యం. ఆ పేరే నన్ను ఇన్నేళ్ళు బతికించింది.

పెళ్ళిపీటల మీద, పళ్ళెంలో పోసిన బియ్యంలో, పెళ్ళికొడుకు ఉంగరంతో పెళ్ళికూతురి కొత్త పేరు రాస్తాడు. ఆయన సులోచన అని రాశారు. అది అంతకు ముందు ఏడాది పోయిన ఆయన మొదటి భార్య పేరు! మా అత్తగారేమన్నారో తెలుసా? "రాయేమిటే, అదీ ఒక పేరేనా? గిన్నెలన్నిటి మీదా సులోచన అని చెక్కించే ఉంది. మళ్ళీ చెక్కించడం దండగ." దహీభాతే అంటే పెరుగన్నం. పెరుగన్నం ఇంటిపేరు వాళ్ళు రాయిని చూసి నవ్వారు, చోద్యం కాకపోతే! సులోచన అంటే చక్కని కళ్ళది. నాకు పదో ఏటి నుంచీ సోడాబుడ్డి కళ్ళద్దాలు.

1. సులోచన అని చెక్కిన ఇత్తడి, రాగి సామానంతా, ఆ బియ్యం పళ్ళెంతో సహా, ఆ మొదటి భార్య కూతురు వైజయంతికి చెందాలి. అవి ఏనాడూ నావి కావు. అప్పుడు వైజయంతికి ఆరేళ్ళు. ఇంట్లో ఎవరు "సులోచనా" అని కేకేసినా, అమ్మ వచ్చిందనుకుని గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చేది. నన్ను చూసి ఆగిపోయేది. పసిదాన్ని అలా ఏడిపించారే, ఒక్కరికైనా తోచలేదా? చివరికి నేనే దాన్ని దగ్గరకు తీసుకుని నా అసలు పేరు చెప్పాను. అప్పటి నుంచి నా చెవిలో మాత్రం "ధోండీ పిన్నీ" అని పిలిచేది. ఈ ఇంట్లో నన్ను నా పేరుతో పిలిచింది అదొక్కతే.

2. గణపతి ఆళిలోని ఇల్లు నా భర్త నాకు రాసిచ్చినది. నా తదనంతరం అది నా కొడుకు శ్రీరంగ్‌కు సర్వహక్కులతో చెందాలి, ఒక్క షరతు మీద. వచ్చే మార్గశిరంలో నా మనవడు అమేయ పెళ్ళి. పిల్ల పేరు కేతకి, అంటే మొగలిపువ్వు. కొంకణంలో మొగలి కంచె పక్కన ఇంట్లో పుట్టిందని వాళ్ళ అమ్మమ్మ పెట్టుకున్న పేరు. మా కోడలు అనఘ ఏమంటుందీ, "మొగలిపొదలో పాములుంటాయి అత్తయ్యా. అమేయ పక్కన అమృత అయితే శుభలేఖ మీద జోడీగా ఉంటుంది" అని. జోడీ కుదరడానికి అదేమన్నా గాజులా? అనఘ అంటే పాపం లేనిదని అర్థం. తల్లీ, ఆ అర్థమైనా నిలబెట్టుకో.

ఆ బియ్యంలో కేతకి అని తప్ప ఇంకే పేరు రాసినా ఇల్లు వైజయంతికి పోతుంది. ఒరే శ్రీరంగా, అమ్మ ఉత్తినే అంటోందిలే అనుకోకు. నేను ఉండగానే రాశారా, ఇల్లు ఆ రోజే రాసిచ్చేస్తాను. చెయ్యి ఇంకా ఆడుతోంది.

3. పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి చెంబు, ధోండీ అని చెక్కినది, కేతకికి ఇవ్వాలి. మా అత్తగారు దాన్ని అటక మీద పడేయించారు. మొన్న దింపించి చింతపండుతో తోమించాను. అక్షరాలు చెక్కు చెదరలేదు. అమ్మాయీ, కావాలంటే దాని కింద నీ పేరూ చెక్కించుకో.

4. కృష్ణ ఒడ్డున నా కర్మలు చేసేటప్పుడు సులోచన అనే పేరు ఎత్తకూడదు. ఏటా ఆవిడ తద్దినానికి గారెలు వేయించింది నేనే. హాల్లో పురోహితుడు సులోచన పేరున పిండం పెట్టించేవాడు. వంటింట్లోకి "సులోచనా, నూనె మాడుతోందే!" అని అత్తగారి కేక వచ్చేది. బతికుండగానే ఏటేటా నా పిండానికి నేనే వండిపెట్టాను. ఇక చాలు. ఆ పేరున తినాల్సినావిడ తినేసింది. ఆ పేరుతో పిలిస్తే నా కాకి రాదు.

పురోహితుడు పేరు అడిగినప్పుడు కొడుకు నోరు మెదపనక్కర్లేదు. వైజయంతి చెప్పాలి. చెవిలో కాదు తల్లీ, ఘాట్ మీద అందరికీ వినపడేలా చెప్పు.

ఇందులోని షరతులన్నీ జరిపించే బాధ్యత వకీలు మురళీధర్ గోళే గారిది.

వాయి, 2023 నవంబరు 6.

(సం.) సులోచన వినాయక్ దహీభాతే
వకీలు గారు వద్దన్నా, దాని కిందనే:
(సం.) ధోండీ

సాక్షులు:
ప్రభాకర్ వైశంపాయన్, పక్కింటివారు
డాక్టర్ మీనల్ కరందీకర్