దోమల్ని మేపిన అమ్మమ్మ ఆస్తి పంపకం

మొదట ఒక దిద్దుబాటు. నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర నా మనవరాలు, "అమ్మమ్మ బతుకంతా దోమల్ని చంపింది, నేనూ అదే చేస్తూ విసిగిపోయాను" అంది. తప్పు. నేను దోమల్ని చంపలేదు, పెంచాను. చక్కెర నీళ్లలో ముంచిన దూది పెట్టి, గది వెచ్చగా ఉంచి, కన్నబిడ్డలకంటే వేళకు మేపాను. ఈ మాట నిజమని కన్నబిడ్డలే సాక్ష్యం చెబుతారు.

మలేరియా పరిశోధనశాలలో పనిచేసి విరమించిన నేను, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా మతి మీద అనుమానం ఉన్నవారు నాతో ఒక పూట వాదించి చూడవచ్చు. దీన్ని అమలు చేసే బాధ్యత లాయరైన మా అల్లుడుగారిది. సొంత వ్యాఖ్యలు తీసేయమని ఆయన సలహా ఇచ్చారు. సలహాకు కృతజ్ఞతలు. వ్యాఖ్యలు ఉంటాయి.

ఒకటి. ఇల్లు నా కొడుక్కీ కూతురికీ సమానంగా చెందుతుంది. అడ్డుగోడ ఎక్కడ కట్టాలన్న చర్చ నేను పోయాకే మొదలుపెట్టాలి.

రెండు. నా మంచం మీది దోమతెర కొడుక్కి. చిన్నప్పుడు బళ్లో మీ అమ్మ ఏం చేస్తుందని అడిగితే, దోమలకు అన్నం పెడుతుందని చెప్పాడట. క్లాసంతా నవ్వితే ఏడుస్తూ ఇంటికొచ్చాడు. ఆ రోజు నుంచీ వాడి తెర అంచులు పరుపు కింద దోపింది నేనే. ఇప్పటికీ వాడికి దోపుకోవడం రాదు. కోడలు గమనించాలి.

మూడు. మా పాత డైరెక్టరు, అంటే సంతకాల సారు, క్షేమంగానే ఉన్నారని విన్నాను. నేను మైక్రోస్కోపులో కళ్లు కాయలు కాచేలా చూసి తేల్చిన విషయాలతో వచ్చిన ప్రతి వ్యాసం మీదా తన పేరు పెద్దగా వేసుకున్నారు. ఆయనకు నా భూతద్దం. నా పేరు ఎక్కడుందో వెతుక్కోవడానికి పనికొస్తుంది.

నాలుగు. బీరువా పై అరలో దూదిలో చుట్టి ఉన్న గాజు స్లైడు కూతురికి. అమ్మాయీ, దాని మీద ఉన్నది మీ నాన్న రక్తపు చుక్క. వణుకుతూ ఆసుపత్రికి వచ్చిన మనిషి ఎర్ర కణాల్లో ఉంగరాల్లాంటి పరాన్నజీవులను చూసి, మలేరియా అని చెప్పింది నేనే. జ్వరం తగ్గాక థాంక్స్ చెప్పడానికి వచ్చారు. తరువాతి వారం అదే థాంక్స్ మళ్లీ చెప్పడానికి వచ్చారు. ఆయన నా వేలికి తొడిగిన ఉంగరం కంటే, ఆయన ఒంట్లోని ఉంగరాలే నేను ముందు చూశాను.

ఐదు. మైక్రోస్కోపు, నాలాగే మలేరియా ల్యాబులో చేరిన మనవరాలికి. తల్లీ, మెదడు లేని ఒక్క కణం చేతిలో ఓడిపోయానని, సోమవారం రాజీనామా ఇచ్చేస్తానని అన్నావు. మెదడు లేని మాట నిజమే. కానీ ఆ మలేరియా పరాన్నజీవిని కాస్త గౌరవించు. దోమ ఉమ్మితో పాటు చర్మంలో పడుతుంది. దారి చెప్పే నాథుడు లేకపోయినా రక్తనాళం పట్టుకుని కాలేయం చేరుతుంది. అక్కడ దొరికిన మొదటి కణంలోనే దూరిపోదు. కొన్నిట్లోంచి దూసుకెళ్లి, నచ్చినదాంట్లో కాపురం పెడుతుంది. మనిషికి నలతైనా తెలియకముందే వేలల్లో పెరిగి బయటపడుతుంది. ఆ తర్వాత ఎర్ర కణాన్ని తాకి, దొర్లి, తన ముందు కొసను ఆనించి, దాని పొరనే దుప్పటిలా చుట్టుకుంటూ లోపలికి జారుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు. ప్రాణాలు తీసే దొంగే, కాదనను. పనితనం చూస్తే మాత్రం లేచి నిలబడాలనిపిస్తుంది. మెచ్చుకోవడం రానివాళ్లకు అది పట్టుబడదు.

ఆరు. ఈ అంశం ఇప్పుడే అమల్లోకి వస్తుంది. వీలునామా మనిషి పోయాకే చెల్లుతుందని అల్లుడుగారు అభ్యంతరం చెప్పారు. నేను పోయేదాకా రాజీనామా ఆగదు కదా అన్నాను. నోటితో చెబుదామంటే, ఇక దోమల ఊసెత్తొద్దని మనవరాలు నిన్న చెవులు మూసుకుంది. కాగితానికి ఎవరూ అడ్డు తగల్లేరు.

నీ దోమలకు పరాన్నజీవి అంటడం లేదు. రక్తం మార్చావు, దోమలను మార్చావు, నిద్ర మానేశావు. పోయిన వారం నీ ల్యాబులో స్టూలు మీద కూర్చుని చూశాను. పరాన్నజీవులున్న రక్తాన్ని ఒంటి వేడి తగ్గకుండా చంటిబిడ్డలా తెచ్చావు. పోసింది మాత్రం ఏసీ గాలి కింద, స్టీలు బల్ల మీద చల్లబడి ఉన్న, దోమలు తాగే గాజు గిన్నెల్లో. దోమ కడుపు మన ఒంటికంటే చల్లన. అందుకే రక్తం చల్లబడితే చాలు, పరాన్నజీవి మగ కణాలు దోమలోకి వచ్చేశామనుకుని తోకలు విదిల్చి ఆడ కణాల కోసం పరుగెడతాయి. దోమ మూతి పెట్టేసరికి, దాని కడుపులో జరగాల్సిన పెళ్లి నీ గిన్నెలోనే అయిపోయి వృథా అవుతుంది. నా అనుమానం ఇదే.

నువ్వు ఓడిపోలేదు. చిన్న చలి తగలగానే అంత చురుగ్గా కదిలే కణాలను పెంచావు. అలాంటి చెయ్యి నాకూ లేదు. ఈ మాట రెండోసారి అనను.

తేదీ: జూన్ పదకొండు, ఆదివారం.
సంతకం: అమ్మమ్మ (కోర్టు కోసం పూర్తి సంతకం వెనక పేజీలో).
సాక్షులు: పక్కింటి పళ్ల డాక్టరమ్మ, వీధి చివరి మందుల షాపాయన (చదవకుండా సంతకం పెట్టబోతే ఆపి చదివించాను).

తాజా కలం: వంటింటి అటక మీద వెడల్పు మూతి ఫ్లాస్కు ఉంది. రేపు పొద్దున దాన్ని పట్టుకెళ్లు. గిన్నెలను నీళ్లలో ఒంటి వేడికి తెచ్చి, ఆ నీళ్లతో సహా ఫ్లాస్కులో పెట్టి బల్ల దాకా తీసుకెళ్లు. ఏసీ ఆపు. దోమలను మేపు. వారం తర్వాత వాటి కడుపు విప్పి, పరాన్నజీవి అంటిందేమో చూడు. అప్పటికీ ఏమీ లేకపోతే రాజీనామా నా దగ్గరికి తీసుకురా, భాష దిద్దిపెడతాను. ఫ్లాస్కు మాత్రం మరిచిపోకుండా ఇంటికి తే. దాన్ని ఇంకా ఎవరికీ రాయలేదు.