ఒకటో గేరు

నాయనా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ పాత పికప్పుకు ఇంజనూ గేర్‌బాక్సూ రెండూ మార్పించాను. పాతవాటికి సామాన్లు దొరకవని మెకానిక్ మస్తాన్ భాయి చేతులెత్తేశాడు. పాత ఇనుముకు వేసేయమని పెదనాయన ఒకటే పోరు. నాకు కాలు నిలవలేదు. రోజూ ఐరాలలో బస్సెక్కి చిత్తూరు షెడ్డుకు పోయి, బోల్టులు కడుగుతూ కూర్చున్నాను.

ఈ ఉదయం బండి సిద్ధమైంది. అమ్మ కూడా షెడ్డుకు వచ్చి చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టి హారతి ఇచ్చింది. నువ్వు నా చేతి మీద చెయ్యి వేసి నేర్పినట్టే, గేరును ఎడమకు లాగి పైకి తోసి క్లచ్చి వదిలాను. బండి వెనక్కి పోయి గోడకు కొట్టుకుంది. కొత్త గేర్‌బాక్సులో ఆ చోటు రివర్సుదట.

"సెప్పడం మర్సిపోయినాను పాపా," అన్నాడు భాయి. "దీంట్లో ఒకటో గేరు కిందికుండాది. మీ నాయన నేర్పించింది నువ్వు మర్సిపోవాల."

నిమ్మకాయలు నాలుగూ చెక్కుచెదరలేదు. అమ్మ వాటిని చూసి, "ఇంగోసారి పోనీ పాపా," అంది.

రెండోసారి చితికాయి. ఇంటికి వచ్చే దారిలో బండి ఆగిన చోటల్లా నా చెయ్యి ముందు నీ గేరు దగ్గరికే పోయింది.

రేపటి నుంచి మామిడికాయల లోడ్లు. నాలుగు రోజులు తోలితే కొత్తదే అలవాటైపోతుందని భాయి ధైర్యం చెప్పాడు. ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ మాటే తలుచుకుంటూ బండి చుట్టూ తిరుగుతున్నాను. ఎక్కి స్టార్ట్ చేస్తాను, గేరు వేయకుండానే ఆపేసి దిగుతాను.