పెళ్లికొడుకు కొలతలు

ప్రియమైన కాజాల పిల్లకి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. నాతో గదిలో ఉండే వంటమనిషి కూడా నన్ను చూసి జాలిపడుతున్నాడు.

ఫ్యాక్టరీలో నన్ను కాలర్లకే పెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలర్లు కత్తిరించడమే. ఈ దేశం వచ్చాక రెండేళ్లలో ఒక్క చొక్కా కూడా మొదలుపెట్టి పూర్తిచేసింది లేదు. మన దర్జీ కొట్టులో నేను గుడ్డ కత్తిరిస్తుంటే నువ్వు ఎదురుగా కూర్చుని బొత్తాలకి కాజాలు కుట్టేదానివి. దారం పళ్లతో తెంపొద్దని రోజూ తిట్టేవాణ్ణి. ఇప్పుడు తిట్టడానికి మనిషి లేక నోరు చచ్చిపోయింది. నిన్ను చూడాలనుంది. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

మన సంగతి మీ నాన్నతో, అదే మన పెద్ద మాస్టారితో, మాట్లాడావా? భయపడి ఊరుకున్నా సరే, ఒక్క ముక్క రాయి.

నీ మాస్టారు

---

ప్రియమైన మాస్టారికి,

నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది. కొట్టూ ఇల్లూ నా నెత్తిన పడ్డాయి. అందుకే ఆలస్యం, తిట్టుకోండి.

పెద్ద కబురేమిటంటే, నాన్న నా పెళ్లి ఖాయం చేశాడు. పెళ్లికొడుకు చొక్కా మీరే కుట్టి పంపాలి, నాన్న ముందుగా చూస్తాడట. పేరు రాయడానికి సిగ్గేస్తోంది. కొలతలు చూస్తే మీకే తెలుస్తుంది. పొడవు ముప్ఫై, ఛాతీ నలభై, భుజం పద్దెనిమిది, చెయ్యి ఇరవై నాలుగున్నర. ఎడమ భుజం అర అంగుళం దిగువ.

మీ కాజాల పిల్ల

---

పెద్ద మాస్టారి అమ్మాయిగారికి,

తమరు అడిగిన చొక్కా దీంతోపాటే పంపుతున్నాను. ఆదివారం ఫ్యాక్టరీలో మిషను అడిగి తీసుకుని కుట్టాను.

కొలతలు చూస్తే తెలుస్తుందన్నారు. మన కొట్టుకొచ్చే వాళ్లందర్నీ తలుచుకున్నాను, ఎవడో తట్టలేదు. నలభై ఛాతీ అంటే బాగా తిని కూర్చునే మనిషై ఉంటాడు. ఒక భుజం దిగువంటే నిటారుగా నిలబడటం కూడా చేతకానివాడు. ఇలాంటివాడిలో ఏం చూశావే? క్షమించాలి, చెయ్యి జారింది.

కుట్టేటప్పుడు ఒకసారి కత్తెర ఎత్తాను, ముక్కలు చేసేద్దామని. చెయ్యలేకపోయాను. వేసుకునేది వాడైనా, రోజూ చూసేది నువ్వే కదా. ఇక ఉత్తరాలు రాయను. సుఖంగా ఉండు.

కటింగ్ మాస్టారు

---

ప్రియమైన మొద్దు మాస్టారికి,

మీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత నవ్వాను, ఇప్పుడు ఒళ్లు మండుతోంది. ఊళ్లో అందరి కొలతలూ నోటికి చెప్పే మనిషికి తన కొలతలు తెలియవా? మీరు ఆది కోసం కొట్టులో వదిలేసి వెళ్లిన పాత చొక్కా మీదే టేపు పెట్టి రాశాను. నిజమే, మీరు ఎప్పుడూ ఆ ఆది చొక్కా గుడ్డ మీద పరిచి కత్తిరించుకునేవారు, టేపు పెట్టుకోగా నేను చూడలేదు. ఆ సంగతి నాకూ తట్టలేదు. రోజంతా బల్ల మీదికి ఒంగి ఒంగి ఆ భుజం అలా అయిందని నాకు తెలుసు. మీకే తెలియదు.

రెండేళ్లు కాలర్లు కోసిన చేతికి పని గుర్తుందో లేదో చూద్దామని నాన్నే చొక్కా అడిగాడు. మీ ఉత్తరం దాచబోతే లాక్కుని చదివాడు. చొక్కా తిరగేసి కుట్లన్నీ వేలితో తడిమాడు. చివరికి, “ఇంకొకడికి అనుకుని కూడా ఒక్క కుట్టు తేడా రానివ్వలేదమ్మా. నీకిక నేను లేకపోయినా పర్లేదు” అన్నాడు.

రండి. నాకు మీరు కావాలి.

మీ కాజాల పిల్ల

---

నా పిల్లకి,

ఉత్తరం మెట్ల మీదే చదివాను, అక్కడే కూర్చుండిపోయాను. ఏమైందోనని వంటమనిషి పరుగెత్తుకొచ్చాడు. పెళ్లి నాకేనని చెబితే, ఆ విషయం తెలియనిది నీకొక్కడికే అన్నాడు. నేను ఇంతటి మూర్ఖుణ్ణని తెలిసి ప్రాణం హాయిగా ఉంది.

సెలవు దొరికింది. ఒకటో తారీఖున బయల్దేరుతున్నాను. పెద్ద మాస్టారికి నమస్కారాలు అని రాసి కొట్టేశాను. మామయ్యగారికి నమస్కారాలు.

నీవాడు