పంచనామాకెక్కని ముంత

మక్తల్, గురువారం రాత్రి, ఫాల్గుణం, 1957

తాగినవాణ్ణి పట్టుకుని తాపినవాణ్ణి వదిలేసే చట్టం ఒక చట్టమేనా? కల్లు కాంట్రాక్టర్ల మీద ఈ మాట ఎన్ని సభల్లో అరిచానో!

నిన్న మా కూలి సంఘం సమ్మె గెలిచిన సంతోషంలో బండి బాలయ్యకు కల్లు తాపింది నేనే. చాలన్నాడు. "ఇంకో ముంత తాగు, ఎడ్లకు తొవ్వ ఎరుకే గదా" అన్నాను. ఇక్కడి బండివాళ్లంతా ఎడ్ల మీద భారం వేసి నిద్రపోయేవాళ్లే. రాత్రి ఇంటికి పోతూ బాలయ్యా బండి మీద అలాగే నిద్రపోయాడు. దారి పక్కన మందతో పడుకున్న గొర్రెల మల్లయ్యను చూసి ఎడ్లు తప్పుకున్నాయి. చక్రం తప్పుకోలేదు. మనిషి అక్కడే పోయాడు.

ఈరోజు పోలీసు పటేలు పంచనామా రాస్తుంటే మల్లయ్య భార్య బాలయ్యను నిలదీసింది.

"నీకు తాపినోడెవడురా? వాని పేరు చెప్పు."

బాలయ్య నా వైపు చూడలేదు. "ఎవలు తాపలేదక్కా. నేనే తాగిన."

నోరు తెరవబోయి, సంఘం పరువు పోతుందని ఆగాను. అబద్ధం. ఆగింది నా పరువు కోసమే. బాలయ్యకు జైలు తప్పదు. నేను తిట్టిన చట్టమే నన్ను దాచింది.

పటేలు కాగితం నా ముందుకు జరిపాడు. "సదువుకున్నోళ్లు, సాక్షి సంతకం మీరే పెట్టుండ్రి సారూ."

పెట్టాను. పూర్తి పేరుతో.